ఇంట్లో ఆక్యుప్రెషర్: వేలితో నొక్కాలా, బ్యాండు కట్టాలా, మ్యాటు కొనాలా?

ఎగ్జిబిషన్‌లోనో తిరునాళ్లలోనో ఆక్యుప్రెషర్ దుకాణం ముందు నిలబడితే కాకరకాయ ఆకారపు చెక్క రోలర్లు, బుడిపెల చెప్పులు, అయస్కాంతాలు పొదిగిన మ్యాట్లు, వేలికి తొడిగే స్ప్రింగు ఉంగరాలు వరసగా కనిపిస్తాయి. షుగర్ దగ్గర్నుంచి మోకాళ్ల నొప్పుల దాకా అన్నీ తగ్గుతాయని వాటన్నిటికీ ఒకటే హామీ. కొనేవాళ్లు వస్తువు బాగుందా లేదా అని తిప్పి తిప్పి చూస్తారు. అసలు ముందు తేల్చుకోవాల్సింది తమ ఇబ్బంది ఏమిటన్నది. బస్సెక్కితే వాంతయ్యే మనిషికి పనికొచ్చేది ఒకటి, నెలసరి నొప్పికి పనికొచ్చేది మరొకటి, నిద్ర పట్టనివాళ్లకు ఇంకొకటి. చాలా ఇబ్బందులకు కొనాల్సిందే ఏమీ ఉండదు, బొటనవేలు చాలు. అయితే ఎక్కడ, ఎంత బలంతో, ఎంతసేపు నొక్కాలో కచ్చితంగా తెలిసి ఉండాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆక్యుప్రెషర్ అనే ఒకే పేరు కింద మన దగ్గర మూడు పద్ధతులు నడుస్తున్నాయి. ఒకటి చైనా వైద్యంలోది. ఆక్యుపంక్చర్‌లో సూది గుచ్చే బిందువులనే ఇక్కడ వేలితో నొక్కుతారు. అలాంటి 361 బిందువుల స్థానాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ పశ్చిమ పసిఫిక్ ప్రాంతీయ కార్యాలయం 2008లో ప్రామాణికంగా ప్రచురించింది. రెండోది అరికాలి పటం. ఇది అమెరికాలో విలియం ఫిట్జ్‌జెరాల్డ్ ‘జోన్ థెరపీ’తో మొదలై, 1930లలో యూనిస్ ఇంగమ్ చేతుల్లో పాదాల పటంగా తయారైంది. మూడోది సుజోక్. కొరియాకు చెందిన పార్క్ జే వూ రూపొందించిన ఈ పద్ధతిలో అరచేతిలోనే ఒళ్లంతా ఉన్నట్టు లెక్కేసి మెంతులో పెసలో అతికిస్తారు.

పరిశోధనల్లో కొంతైనా నిలబడ్డవి మొదటి పద్ధతిలోని కొన్ని బిందువులు, అవీ కొన్ని ఇబ్బందులకే. పాదాలు నొక్కించుకుంటే హాయిగా ఉంటుంది, ఒళ్లు తేలికపడుతుంది, దానికి విలువ ఉంది. అంతమాత్రాన అరికాల్లో ఫలానా చుక్క నొక్కితే కిడ్నీ బాగుపడుతుందని నమ్మడానికి ఆధారం లేదు. పటం చూసి రోగాలు తేల్చడం మరీ ప్రమాదం. అరికాల్లో ఒకచోట నొప్పి పుట్టిందని లివర్ చెడిందని బెంబేలెత్తేవాళ్లూ ఉన్నారు, ఎక్కడా నొప్పి లేదు కాబట్టి షుగర్ పరీక్ష అక్కర్లేదనుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే.

ముందు వేలితో నేర్చుకోండి

ఏ పరికరం కొనాలనుకున్నా ముందు ఓ రెండు వారాలు వేలితోనే చేయండి. వేలికి స్పర్శ తెలుస్తుంది. కింద ఎముక తగిలినా, నాడి కొట్టుకుంటున్నా, కండరం బిగిసి ఉన్నా వేలు చెప్పేస్తుంది. చెక్కముక్క చెప్పదు.

కొలతలన్నీ నొక్కించుకునే మనిషి వేళ్లతోనే తీసుకోవాలి. ఇంట్లో ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడే. తల్లి తన వేళ్లతో కొలిచి ఎనిమిదేళ్ల బిడ్డకు నొక్కితే బిందువు ఒకటి రెండు సెంటీమీటర్లు పక్కకు పోతుంది. చూపుడు వేలి నుంచి చిటికెన వేలి దాకా నాలుగు వేళ్లు దగ్గరగా చేర్చితే ఒక కొలత. చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు మూడూ చేర్చితే ఇంకో కొలత. ఇంట్లో వాడే బిందువులకు ఈ రెండూ తెలిస్తే సరిపోతుంది.

కొలిచిన చోట వెంటనే నొక్కేయకుండా చుట్టూ చిన్న వృత్తంలో వేలు కదిపి చూడండి. కాస్త గుంటలా తగిలి, నొక్కితే మందంగా లాగినట్టు, బరువెక్కినట్టు అనిపించే చోటే సరైన చోటు. సూది పొడిచినట్టు చురుక్కుమంటే నరం మీద ఉన్నారు, పక్కకు జరగాలి. వేలి కింద టపటపా కొట్టుకుంటుంటే రక్తనాళం మీద ఉన్నారు, అక్కడ నొక్కకూడదు.

బలం ఎంతో మాటల్లో చెబితే ఎవరికీ అర్థం కాదు. వంటింట్లో త్రాసు ఉంటే దాని మీద బొటనవేలితో నొక్కి చూసుకోండి. కాళ్ల మీద, పిక్కల దగ్గర రెండు మూడు కిలోలు, మణికట్టు దగ్గర కిలో లేదా కిలోన్నర, ముఖం మీద అరకిలో సరిపోతుంది. పిల్లలకు ఇందులో సగం. నొక్కించుకునే మనిషి మామూలుగా మాట్లాడగలగాలి. పళ్లు బిగపట్టాడంటే ఎక్కువైనట్టే. ఎంత గట్టిగా నొక్కితే అంత గుణం అనుకోవడం వల్లే మర్నాటికి కమిలిన మచ్చలు తేలుతుంటాయి.

బొటనవేలి గుజ్జుతో చర్మానికి నిటారుగా, నెమ్మదిగా బలం పెంచుతూ నొక్కండి. వేలు వంచి కణుపు మీద భారం వేస్తే నాలుగు రోజుల్లో మీ వేలే నొప్పి పెడుతుంది. వేలు నిటారుగా ఉంచి మోచేయి, భుజం బరువు వాలనివ్వాలి. ఒక్కో బిందువు దగ్గర ఒక నిమిషం నుంచి మూడు నిమిషాలు ఉండి, తర్వాత మెల్లగా వదలండి. గోళ్లు కత్తిరించుకుని ఉండాలి. కడుపునిండా తిన్న వెంటనే, జ్వరంతో ఒళ్లు కాలుతున్నప్పుడు చేయొద్దు. కీళ్లవాతం ఉండి వేళ్లలో బలం లేనివాళ్లు పెన్సిల్ వెనక రబ్బరు వైపు వాడొచ్చు. లేదా దుకాణాల్లో ‘జిమ్మీ’ పేరుతో దొరికే చెక్క పుల్ల తీసుకోవచ్చు, మొన గుండ్రంగా ఉన్నది మాత్రమే. అన్ని పరికరాల్లోకీ చవకైనదీ, నిజంగా అక్కరకొచ్చేదీ అదే.

వికారం, ప్రయాణంలో వాంతులు: వేలు, బ్యాండు, మాత్ర

ఆక్యుప్రెషర్‌కు అన్నిటికన్నా గట్టి ఆధారం ఉన్నది ఇక్కడే. ముంజేతి లోపలి వైపు పీ6 అనే బిందువు ఉంది (ఇలాంటి అక్షరాలు, అంకెలు చైనా పద్ధతిలో బిందువుల పేర్లు). 59 పరీక్షలను, వాటిలో పాల్గొన్న 7,667 మందిని కలిపి చూసిన 2015 నాటి కొక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష, ఆపరేషన్ తర్వాత వచ్చే వికారం, వాంతులు ఈ బిందువును ప్రేరేపిస్తే తగ్గుతున్నాయని తేల్చింది. ఆ పరీక్షల్లో వేలి ఒత్తిడితోపాటు సూదులు, బ్యాండ్లు, విద్యుత్ ప్రేరణ కూడా ఉన్నాయి. ప్రయాణపు వికారం విషయంలో ఫలితాలు అంత ఏకరీతిగా లేవు. కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి అసలు చేయదు. అయినా ఖర్చు తక్కువ, మత్తు రాదు కాబట్టి ప్రయత్నించి చూడదగ్గదే.

అరచెయ్యి పైకి పెట్టి, మణికట్టు గీత మీద రెండో చేతి ఉంగరపు వేలు ఆనించి, మధ్య వేలూ చూపుడు వేలూ దాని పక్కనే చేర్చండి. చూపుడు వేలి అంచు ఎక్కడ ముగిసిందో ఆ ఎత్తులో, చేతి మధ్యగా తాళ్లలా తగిలే రెండు స్నాయువుల నడుమ ఉంటుంది పీ6. అవి కనిపించకపోతే బొటనవేలినీ చిటికెన వేలినీ కలిపి మణికట్టు కొద్దిగా వంచండి, పైకి తేలతాయి. కొంతమందికి పుట్టుకతోనే రెండిట్లో ఒకటి ఉండదు. వాళ్లు తగిలిన ఒక్క స్నాయువు పక్కనే, చిటికెన వేలి వైపు నొక్కాలి.

ఇక ఎంపిక. ఇంట్లో కూర్చున్నప్పుడు వచ్చే వికారానికి వేలే మేలు: ఒక్కో చేతికి రెండు మూడు నిమిషాలు, అవసరమైతే గంటకోసారి. తిరుమల ఘాట్ రోడ్డు, శ్రీశైలం ఘాట్, అరకు దారి లాంటి చోట్ల మలుపు మలుపుకీ చెయ్యి పట్టుకుని నొక్కుతూ కూర్చోవడం కుదరదు. అక్కడికి ప్లాస్టిక్ గుండీ ఉన్న ఎలాస్టిక్ బ్యాండు సరైనది. బండి ఎక్కకముందే రెండు చేతులకూ వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ప్రయోజనం తక్కువ. గుండీ చేతి లోపలి వైపున, ఆ రెండు స్నాయువుల నడుమే కూర్చోవాలి. గడియారంలా మణికట్టు మీదకు, పైవైపుకు తిప్పి కట్టుకుని పనిచేయలేదనడం మామూలే. ఎలాస్టిక్ కింద ఒక వేలు దూరాలి. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా తీసేయాలి. ఉతికి ఉతికి సాగిపోయిన బ్యాండు గుండీని నొక్కదు, మార్చుకోవాలి.

మాత్రతో పోలిస్తే బ్యాండు బలహీనమే. ప్రయాణపు వాంతులకు ఇచ్చే ప్రోమెథజైన్ లాంటి మందులు గట్టిగా పనిచేస్తాయి. కానీ బయల్దేరడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి, మత్తుగా ఉంటుంది, వేసుకున్నవాళ్లు బండి నడపకూడదు. ప్రతిసారీ వాంతులతో నీరసపడిపోయే పిల్లలకు డాక్టర్ని అడిగి మాత్రే ఇవ్వండి, బ్యాండు తోడుగా పెట్టండి. కొద్దిగా తిప్పినట్టు ఉండేవాళ్లకు బ్యాండు, ముందు సీటు, దూరంగా రోడ్డు చివర చూడటం, ఫోన్ లోపల పెట్టేయడం, ఇవి సరిపోతాయి.

వేవిళ్లకు కూడా పీ6 నొక్కొచ్చు, గర్భిణులకు ఇది నిషేధించిన బిందువు కాదు. ఆధారాలు మాత్రం కలగాపులగంగా ఉన్నాయి. రోజంతా గుక్కెడు నీళ్లు కూడా కడుపులో నిలవకపోతే, మూత్రం బాగా తగ్గి ముదురు రంగులో వస్తుంటే నొక్కుతూ కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. సెలైన్ అవసరం పడొచ్చు.

నెలసరి నొప్పి: ఐదు రోజుల ముందే మొదలుపెడితే

ఇంట్లో తనంతట తాను చేసుకునే ఆక్యుప్రెషర్‌కు మంచి ఉదాహరణ ఇదే. బెర్లిన్‌లో 18 నుంచి 34 ఏళ్ల మధ్య ఉన్న 221 మంది మహిళలతో చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, ఫోన్ యాప్ చూసి మూడు బిందువులు నొక్కుకున్నవాళ్లలో ఆరో నెలసరికి 58 శాతం మందికి నొప్పి సగమో అంతకన్నా ఎక్కువో తగ్గింది. నొక్కుకోనివాళ్లలో అలా తగ్గింది 24 శాతం మందికి. ఇందులో ఉత్తుత్తి బిందువులతో పోల్చి చూడలేదు కాబట్టి ఆ తేడా అంతా బిందువుల మహిమే అనలేం. కానీ ఆ ఆరో నెల అన్న మాట గుర్తుంచుకోవాలి. మొదటి నెలే అద్భుతం జరగలేదని మానేసేవాళ్లే ఎక్కువ.

మూడు బిందువుల్లో మొదటిది ఎస్‌పీ6. చీలమండ లోపలి వైపు పొడుచుకొచ్చిన ఎముక కొసన చిటికెన వేలు పెట్టి, నాలుగు వేళ్లూ పైకి పరిస్తే చూపుడు వేలి పై అంచు తగిలే ఎత్తులో, ముంగాలి ఎముక వెనక అంచుకు ఆనుకుని ఉంటుంది. ఎముక మీద కాకుండా దాని వెనకున్న మెత్తని చోట నొక్కాలి. రెండోది ఎల్‌ఐ4, చెయ్యి వెనకవైపు బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ కండ ఉబ్బే చోట. కిందికి నొక్కితే కండ మాత్రమే నలుగుతుంది. చూపుడు వేలి ఎముక వైపుకు, ఆ ఎముక మధ్యభాగానికి ఆనించి నొక్కితేనే లోపల లాగినట్టు తెలుస్తుంది. మూడోది ఎల్‌వీ3, పాదం పైన. కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య నుంచి వేలు వెనక్కి జారిస్తే రెండు ఎముకలూ కలిసే చోటుకు కాస్త ముందు గుంట ఉంటుంది.

ఒక్కో బిందువుకు ఒక నిమిషం, రెండు వైపులా. నెలసరి వస్తుందనుకున్న తేదీకి ఐదు రోజుల ముందు నుంచి రోజుకు రెండుసార్లు, నొప్పి ఉన్న రోజుల్లో ఐదుసార్ల దాకా చేయొచ్చు. గర్భం వచ్చే అవకాశం ఉంటే ముందు అది కాదని తేల్చుకున్నాకే మొదలుపెట్టండి. ఎస్‌పీ6, ఎల్‌ఐ4 గర్భిణులకు నొక్కకూడదన్నది సంప్రదాయంగా వస్తున్న నియమం.

మాత్రలతో పోల్చి చూస్తే, మెఫెనమిక్ ఆమ్లం, ఐబుప్రొఫెన్ గంటలో పనిచేస్తాయి, ఆక్యుప్రెషర్ అంత వేగంగా చేయదు. పరీక్ష రోజున మెలికలు తిరిగే నొప్పి వస్తే ఆ అమ్మాయికి ఏదో ఒకటి తినిపించి మాత్ర ఇవ్వడమే న్యాయం. అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకూ, నొప్పి మాత్రలతో ఆయాసం వచ్చేవాళ్లకూ ఈ మందులు పడవు. వాళ్లకు వేడి నీళ్ల సంచితో కాపడం, దాంతోపాటు ఈ మూడు బిందువులు ముందు వరసలోకి వస్తాయి. కాపడాన్ని చిన్నచూపు చూడొద్దు. పొత్తికడుపు మీద ఆగకుండా పెట్టిన మోస్తరు వేడి ఐబుప్రొఫెన్‌తో సమానంగా ఉపశమనమిచ్చిందని 2001లో అమెరికాలో ప్రచురించిన ఒక పరీక్ష చూపింది. ఏడాదికేడాది నొప్పి పెరుగుతున్నా, నెలసరి కాని రోజుల్లోనూ వస్తున్నా, కలయికలో నొప్పి ఉన్నా ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది గర్భాశయం బయట పెరిగే జబ్బు) ఉందేమో గైనకాలజిస్టు చూడాలి. ఆడపిల్లలకు ఇదంతా మామూలేనని సర్దిచెప్పి ఏళ్లు గడిపేయడం అన్యాయం.

తలనొప్పి, మెడ, నిద్ర, నడుము

నుదుటి చుట్టూ పట్టీ బిగించినట్టుండే తలనొప్పికీ, మెడ పట్టేయడానికీ జీబీ20 బిందువులు బాగుంటాయి. తల వెనక పుర్రె అడుగున, మెడ మధ్యలో ఉన్న కండకు రెండు పక్కలా గుంటలుంటాయి. వెల్లకిలా పడుకుని రెండు బొటనవేళ్లూ ఆ గుంటల్లో పెట్టి, ఎదుటి కంటి వైపు నొక్కుతున్నట్టు పైకి వాలించండి. వేళ్లు అలసిపోతే ఒక సాక్సులో రెండు టెన్నిస్ బంతులు వేసి ముడి కట్టి, వాటి మీద మెడ ఆనించి మూడు నిమిషాలు పడుకోండి. కొనే మెడ మసాజర్ల కన్నా ఇది మెరుగు, తల బరువే ఒత్తిడిగా పడుతుంది, వద్దనుకుంటే తల ఎత్తేస్తే సరి. మెడ ముందు భాగాన్ని, పక్కన నాడి కొట్టుకునే చోటును ఎప్పుడూ నొక్కొద్దు.

ఎప్పుడో ఒకసారి వచ్చే తలనొప్పికి పారాసెటమాల్ వేసుకుంటే తప్పేమీ లేదు. నెలలో సగం రోజులు మాత్ర మింగేవాళ్లకే వేలు ఎక్కువ అవసరం, ఎందుకంటే నెలకు 15 రోజులు, ఆపైన నొప్పి మాత్రలు వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయి. ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు వచ్చిన తలనొప్పి, జ్వరంతో మెడ వంగకపోవడం, చూపు మసకబారడం, మాట తడబడటం ఉంటే ఏ బిందువూ వెతక్కండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

ముక్కు దిబ్బడకు ముక్కుపుటల పక్క గాడిలో ఎల్‌ఐ20 నొక్కితే కాసేపు గాలి ఆడుతుంది. అంతకు మించి ఆశించొద్దు. ఉప్పునీటి చుక్కలు దీనికన్నా నయం.

నిద్ర విషయంలో ఓపిక ఉన్నవాళ్లకు వేలు, లేనివాళ్లకు ముళ్ల మ్యాటు. మిచిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకుని ఎడతెగని అలసటతో ఉన్న మహిళలు ఆరు వారాలపాటు రోజూ ఒక్కో బిందువును మూడేసి నిమిషాలు తామే నొక్కుకున్నారు. అలసట తగ్గింది, విశ్రాంతినిచ్చే బిందువులు నొక్కుకున్నవాళ్లకు నిద్ర కూడా మెరుగైంది. వాటిలో ఇంట్లో సులభంగా దొరికేవి నాలుగు: కనుబొమల మధ్య, పైన చెప్పిన ఎస్‌పీ6, ఎల్‌వీ3, ఇంకా హెచ్‌టీ7. ఈ చివరిది మణికట్టు గీత మీద చిటికెన వేలి వైపు, బఠాణీ గింజంత ఎముక పక్కనున్న గుంటలో ఉంటుంది. గురకపెట్టి ఊపిరాడక ఉలిక్కిపడి లేచేవాళ్లకు వీటితో పని కాదు, స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించుకోవాలి.

మ్యాటు అంటే వేల ప్లాస్టిక్ ముళ్లున్న మెత్తటి చాప. బరువు అన్ని ముళ్ల మీదా పంచుకుంటుంది కాబట్టి చర్మం చీరుకోదు. మొదట్లో పల్చటి నూలు చొక్కాతో ఐదు నిమిషాలు, వారం తర్వాత చొక్కా లేకుండా పది, తర్వాత ఇరవై నిమిషాల దాకా పడుకోవచ్చు. మెల్లగా కూర్చుని వెనక్కి వాలాలి, పక్కకు జరగాలంటే లేచి జరగాలి. పడుకునే ఒరుసుకుంటూ జరిగితే గీరుకుపోతుంది. దాని మీద ఎక్కి నిలబడొద్దు, ఒళ్లు బరువంతా అరికాళ్ల కింది కొద్ది ముళ్ల మీదే పడుతుంది. నడుము బిగుసుకుని నిద్ర పట్టనివాళ్లకు ఇది కొనదగ్గ వస్తువే. ముళ్లున్న ప్లాస్టిక్ పలకలు ఊడిపోకుండా గుడ్డకు గట్టిగా అతికి ఉన్నాయా, కవరు విప్పి ఉతకొచ్చా అని చూసి తీసుకోండి.

దీర్ఘకాలిక నడుము నొప్పికి తైవాన్‌లో 129 మందితో చేసిన పరీక్షలో ఆక్యుప్రెషర్ ఫిజియోథెరపీ కన్నా మెరుగైన ఫలితమిచ్చిందని 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించింది. అక్కడ నొక్కింది నిపుణుడైన చికిత్సకుడు, నెలలో ఆరుసార్లు. ఇంట్లో అంత రావాలనుకోకూడదు. గోడకూ నడుముకూ మధ్య ఒక టెన్నిస్ బంతి పెట్టి, వెన్నెముకకు రెండు వేళ్ల దూరంలో ఉన్న కండ మీద ఒక్కో చోట ఒక్కో నిమిషం ఆనుకుంటే బిగువు సడలుతుంది. వెన్నుపూసల మీద ఎప్పుడూ నొక్కొద్దు, పిల్లల చేత తొక్కించుకోవద్దు. కాలు బలహీనపడినా, మూత్రం మీద పట్టు తప్పినా అదే రోజు డాక్టర్ దగ్గర ఉండాలి.

మలబద్ధకానికి ఒక పద్ధతి ఉంది, సిగ్గుపడి ఎవరూ చెప్పరు. మలం వస్తున్నట్టు అనిపించినప్పుడు మలద్వారానికీ జననాంగానికీ మధ్యనున్న చర్మాన్ని రెండు వేళ్లతో లోపలికి విడతలు విడతలుగా నొక్కడం. గట్టిపడ్డ మలం విడిపోయి జారుతుంది. లాస్ ఏంజిలిస్‌లో 100 మందితో చేసిన 2015 నాటి పరీక్షలో ఇది పనికొచ్చింది. ఇసబ్గోల్, నీళ్లు, పీచున్న తిండి మానేసి దీని మీదే ఆధారపడితే మాత్రం సమస్య మళ్లీ మొదటికొస్తుంది.

గింజలు, రోలర్లు, చెప్పులు, అయస్కాంతాలు

గింజలు అతికించే పద్ధతి తేలిక కాబట్టే ఇంతగా వ్యాపించింది. చెయ్యాలనుకుంటే సర్జికల్ టేపుతో ఒక్క గింజ అతికించి, నాలుగైదు గంటల్లో తీసేయండి. రాత్రంతా ఉంచితే చెమటకు చర్మం నాని పుండవుతుంది, గింజ నానుతుంది. పసిపిల్లలున్న ఇంట్లో ఈ పద్ధతే వద్దు. ఊడిన గింజ నేరుగా ముక్కులోకో నోట్లోకో వెళ్తుంది, ముక్కులో నానిన గింజను తీయించడం పెద్ద ప్రహసనమవుతుంది.

చెక్క రోలర్ మీద పాదాలు ఐదు నిమిషాలు దొర్లించడం హాయి. రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకు, మడమ నొప్పి ఉన్నవాళ్లకు నిజంగా బాగుంటుంది. నీళ్లు పోసి గడ్డకట్టించిన ప్లాస్టిక్ సీసా కూడా ఆ పని చేస్తుంది, వాపున్న మడమకు ఇంకా మెరుగు. అయస్కాంతాలున్న మ్యాటుకు ఎక్కువ డబ్బు పెట్టొద్దు, వాటి వల్ల అదనంగా ఒరిగేది లేదు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు అయస్కాంతాలు ప్రమాదం కూడా.

బుడిపెల చెప్పుల గురించి మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం: కొనొద్దు. ముఖ్యంగా షుగర్ ఉన్న పెద్దవాళ్లకు బహుమతిగా ఇవ్వొద్దు. దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు దాదాపు 10 కోట్లని 2023లో ప్రచురించిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం అంచనా. ఏళ్లు గడిచే కొద్దీ చాలామందికి అరికాలి స్పర్శ తగ్గిపోతుంది. బుడిపె గుచ్చుకుని బొబ్బ లేచినా తెలియదు, అది పుండై, చీము పట్టి, వేలు తీసేసే దాకా పోతుంది. స్పర్శ ఉందో లేదో 10 గ్రాముల మోనోఫిలమెంట్ పరీక్షతో (సన్నటి నైలాన్ పోగును అరికాలికి ఆనించి చూస్తారు) డాక్టర్లు రెండు నిమిషాల్లో చెబుతారు. అది చేయించుకోకుండా షుగర్ ఉన్నవాళ్లు చెప్పులు, ముళ్ల మ్యాటు, పాదాల మసాజ్ యంత్రం దేని జోలికీ వెళ్లకూడదు. షుగర్ లేకపోయినా తడి గచ్చు మీద ఈ చెప్పులతో తూలిపడే అవకాశం ఎక్కువ.

ఎవరు నొక్కించుకోకూడదు

వానాకాలంలో జ్వరం వచ్చి డెంగీ అనుమానం ఉంటే ప్లేట్‌లెట్లు కోలుకునే దాకా నొక్కడం, రోలర్లు, మ్యాట్లు అన్నీ ఆపేయాలి. ఒళ్లు నొప్పులని గట్టిగా పిసికితే చర్మం కింద రక్తం చిమ్ముతుంది. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబరిచే మందులు వాడేవాళ్లు తేలికపాటి వేలి ఒత్తిడితో సరిపెట్టుకోవాలి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దాన్ని నొక్కితే గడ్డ ఊపిరితిత్తులకు చేరే ప్రమాదముంది. ఉబ్బునరాల మీద, పుండ్ల మీద, ఎముక విరిగిన చోట, గడ్డల మీద చెయ్యి వేయొద్దు.

డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా (రెండు రక్తనాళాలను కలిపే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లు ఆ చేతికి బ్యాండు కట్టకూడదు, పీ6 నొక్కకూడదు. ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఈ మాట ఇంటింటికీ తెలియాలి. రొమ్ము ఆపరేషన్ తర్వాత చెయ్యి వాచినవాళ్లకూ ఆ చేతికి బ్యాండు వద్దు. గర్భిణులకు ఎస్‌పీ6, ఎల్‌ఐ4తోపాటు భుజం మీది జీబీ21, పొత్తికడుపు, నడుము దిగువ భాగం కూడా వదిలేయాలి.

గుండెపోటు వస్తే చిటికెన వేలి కొస నొక్కండి, పక్షవాతం వస్తే వేళ్ల చివర్లు గుచ్చండి అంటూ వాట్సాప్‌లో తిరిగే సందేశాలను దయచేసి ఎవరికీ పంపకండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికి పాకే నొప్పి, చెమటలు, మూతి వంకర పోవడం, చెయ్యి లేవకపోవడం కనిపిస్తే 108కి ఫోన్ చేయాలి. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వగలరు. వేళ్లు నొక్కుతూ పోగొట్టుకున్న ప్రతి నిమిషం మెదడుకు నష్టమే.

ఇంటికి ఏం తెచ్చుకోవాలి

ఘాట్ రోడ్డు ప్రయాణాలు చేసే ఇంటికి ఒక జత బ్యాండ్లు. కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్లకు రెండు టెన్నిస్ బంతులు, ఒక సాక్సు. వేళ్ల నొప్పులున్నవాళ్లకు గుండ్రటి మొన ఉన్న జిమ్మీ. నడుము బిగువుతో నిద్ర చెడ్డవాళ్లకు, అదీ షుగర్ లేకపోతే, మ్యాటు. మిగతావన్నీ దుకాణంలోనే వదిలి రావొచ్చు.

ఒకేసారి పది బిందువులు నేర్చుకోవద్దు. ఒక ఇబ్బందికి ఒకటి, మహా అయితే మూడు. నొక్కే ముందు నొప్పికి పదికి ఎన్ని మార్కులో, నొక్కిన అరగంటకు ఎన్ని మార్కులో క్యాలెండర్ మీదే ఆ తేదీ గడిలో రాసుకోండి. తలనొప్పికీ ప్రయాణపు వికారానికీ నాలుగైదు సార్లలో తేడా తెలిసిపోతుంది, నిద్రకు ఆరు వారాలు, నెలసరి నొప్పికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆ గడువు దాటినా అంకెలు కదలకపోతే ఆ బిందువు మానేసి, ఆ క్యాలెండర్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నొప్పి ఎన్ని రోజులకోసారి, ఎంత తీవ్రంగా వస్తోందో అందులో ఉంటుంది కాబట్టి వాళ్లకూ పనికొస్తుంది.